మొదటి మూర్ఛకూ మొదటి మాత్రకూ మధ్య

అయిదారు నెలల పసివాడు నిద్ర లేచిన కాసేపటికి ఉన్నట్టుండి తల ముందుకు వాలుస్తాడు. రెండు చేతులూ పైకి లేచి దగ్గరకు వస్తాయి. క్షణంలో మామూలవుతాడు. కొద్ది సెకన్లకు మళ్లీ అదే వంగడం, మళ్లీ అదే లేవడం. అలా పదిసార్లు, ఇరవైసార్లు. చూస్తున్న దాదీ మురిసిపోతుంది. "మనవడు అప్పుడే సలాం చేయడం నేర్చాడు" అని ఇరుగుపొరుగును పిలిచి చూపిస్తుంది. ఆ ముచ్చట కొన్ని వారాల్లోనే ఆందోళనగా మారుతుంది. బిడ్డ నవ్వడం మానేస్తాడు. తల్లి ముఖం వంక చూడడం మానేస్తాడు. అప్పటికే నిలిచిన మెడ మళ్లీ వాలిపోతుంది.

వైద్య చరిత్రలో ఈ జబ్బుకు ఉన్న పాత పేరే 'సలాం మూర్ఛ'. 1841లో ఇంగ్లండుకు చెందిన విలియం వెస్ట్ అనే వైద్యుడు ఈ లక్షణాలను తన సొంత కొడుకులో గమనించాడు. జలగలు పట్టించాడు, విరేచనాల మందులిచ్చాడు, తలపై చల్లటి పట్టీలు వేశాడు. ఏదీ పనిచేయలేదు. చివరకు తోటి వైద్యుల సలహా కోరుతూ 'లాన్సెట్' పత్రికకు లేఖ రాశాడు. ఆ బిడ్డ కోలుకోలేదు. జబ్బుకు మాత్రం ఆ తండ్రి పేరే స్థిరపడింది. నేటికీ దానిని వెస్ట్ సిండ్రోమ్ అంటారు.

ఆనాటి తండ్రి స్వయంగా వైద్యుడే అయినా అతని చేతిలో మందు లేదు. ఇప్పుడు ఉంది. ప్రెడ్నిసొలోన్ అనే చౌక మాత్ర ఈ చికిత్సకు వాడే మందుల్లో ఒకటి. ప్రపంచంలో ఏ మూలనైనా దొరికే మాత్ర అది. దానిని ఎప్పుడు ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఇచ్చేటప్పుడు ఏ ప్రమాదాలను కనిపెట్టి ఉండాలో తెలిసిన మనిషే కరువు. ఈ మూర్ఛలో రోజులకు విలువ ఉంది. చికిత్స ఎంత ఆలస్యమైతే బిడ్డ బుద్ధి వికాసానికి అంత నష్టం. అయినా ప్రపంచంలోని పేద దేశాల్లో ఈ బిడ్డను చూడగానే గుర్తుపట్టగలిగిన వైద్యుడి దగ్గరకు చేరడానికి నెలలు పడుతుంది. చాలామంది అసలు చేరనే చేరరు. పిల్లల నరాల వైద్యం గురించి మాట్లాడవలసి వస్తే మొదట మాట్లాడవలసింది ఈ దూరం గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో వెలువరించిన నాడీ వైద్య వనరుల నివేదికలో ఒక అంకె ఉంది. నరాల వైద్యులు, పిల్లల నరాల వైద్యులు, మెదడు శస్త్రచికిత్స నిపుణులు అందరినీ కలిపి లెక్కవేస్తే సంపన్న దేశాల్లో లక్ష మంది జనాభాకు 7.1 మంది ఉన్నారు. అల్పాదాయ దేశాల్లో 0.1. అంటే పది లక్షల మందికి ఒక్కరు. అందులో పిల్లల కోసమే శిక్షణ పొందినవారిని వేరుచేస్తే మిగిలేది దాదాపు శూన్యం. ఆఫ్రికాలో కొన్ని దేశాలకు దేశమంతటికీ ఒక్క పిల్లల నరాల నిపుణుడు కూడా లేని కాలం మొన్నమొన్నటి దాకా నడిచింది. కొన్నిచోట్ల ఇంకా నడుస్తోంది.

వైద్యులు తక్కువగా ఉన్నచోట జబ్బులు కూడా తక్కువగా ఉంటే బాగుండేది. పరిస్థితి అందుకు పూర్తిగా విరుద్ధం. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉందనీ, వారిలో దాదాపు 80 శాతం అల్ప, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారనీ ఆరోగ్య సంస్థ అంచనా. ఇందుకు కారణాలు ఏ వింత జన్యువులలోనో వెతకనక్కరలేదు. కాన్పు కష్టమై ఊపిరి అందని శిశువు, పుట్టిన మూడో రోజు కామెర్లు ముదిరినా ఎవరూ పట్టించుకోని శిశువు, మెదడు పొరల వాపుకు సమయానికి యాంటీబయాటిక్ అందని పసివాడు... వీరే రేపు మూర్ఛతోనో, బిగుసుకుపోయిన కాళ్లతోనో, చెవుడుతోనో పెరుగుతారు. మలావీ దేశంలోని బ్లాంటైర్ నగరంలో మెదడుకు సోకిన మలేరియా నుంచి ప్రాణాలతో బయటపడిన పిల్లలను పరిశోధకులు ఆ తరువాత కూడా వదలకుండా గమనించారు. దాదాపు మూడోవంతు మందిలో మూర్ఛ గానీ మరో నాడీ వైకల్యం గానీ కనిపించింది. ఆసుపత్రి రికార్డులో వారంతా 'కోలుకొని ఇంటికి వెళ్లినవారు'.

ఇక యుగాండా గ్రామీణ ప్రాంతాల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలపై జరిగిన అధ్యయనాన్ని చదివినవారికి నిద్ర పట్టదు. అక్కడి గణనలో ఒక విచిత్రం కనిపించింది. చిన్న వయసులో ఈ వైకల్యం ఉన్న పిల్లలు తగినంత మంది ఉన్నారు గానీ, వయసు పెరిగినకొద్దీ వారి సంఖ్య తగ్గిపోతోంది. సెరిబ్రల్ పాల్సీ తగ్గే జబ్బు కాదు. పిల్లలే తగ్గిపోతున్నారు. అదే ప్రాంతంలోని ఇతర పిల్లలతో పోలిస్తే వీరిలో మరణాలు సుమారు 25 రెట్లు ఎక్కువని తరువాత తేలింది. చంపినది మెదడు జబ్బు కాదు, ఆకలీ మలేరియా. మింగడం చేతకాని బిడ్డకు అన్నం ఎలా తినిపించాలో తల్లికి చూపించేవారు ఒక్కరుంటే నిలిచే ప్రాణాలు అందులో ఎన్నో ఉన్నాయి.

ఇంత పెద్ద లోటును పూడ్చడానికి ధనిక దేశాలకు తోచిన మొదటి ఉపాయం వైద్య శిబిరం. నిపుణులు విమానంలో వస్తారు, వారం పది రోజులు వందలాది పిల్లలను చూస్తారు, మందులు పంచుతారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. వారి ఉద్దేశాలను శంకించనక్కరలేదు. కానీ మూర్ఛ కంటిలో శుక్లం కాదు, ఒకసారి తీసేస్తే పోవడానికి. మూర్ఛ మందు రెండేళ్లు, మూడేళ్లు, ఒక్కోసారి జీవితాంతం ప్రతిరోజూ వాడాలి. ఉన్నట్టుండి ఆపేస్తే మునుపటికంటే తీవ్రమైన మూర్ఛ వచ్చి బిడ్డ ప్రాణానికే ముప్పు. మూడు నెలల మందు ఇచ్చి నాలుగో నెల సంగతి చెప్పకుండా వెళ్లిన శిబిరం ఆ బిడ్డకు మేలు చేసిందో కీడు చేసిందో చెప్పడం కష్టం.

దీనికి భిన్నమైన దారి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో కనిపిస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయం, రెడ్‌క్రాస్ పిల్లల ఆసుపత్రి కలసి నడుపుతున్న ఆఫ్రికా పిల్లల వైద్య శిక్షణా కార్యక్రమం పదిహేనేళ్లకు పైగా ఒకే సూత్రం మీద నడుస్తోంది. శిక్షణకు వచ్చే వైద్యుడిని అతని సొంత దేశంలోని ఆసుపత్రే ఎంపిక చేసి పంపుతుంది. తిరిగి వెళ్లగానే అక్కడ ఉద్యోగం సిద్ధంగా ఉంటుంది. కెన్యా, ఘనా, నైజీరియా, యుగాండా వంటి దేశాల నుంచి వచ్చిన పిల్లల వైద్యులు అక్కడ పిల్లల నరాల వైద్యం నేర్చుకున్నారు. లండన్‌కో అమెరికాకో శిక్షణకు వెళ్లిన ఆఫ్రికా వైద్యులలో తిరిగి రానివారు ఎందరో ఉండగా, కేప్‌టౌన్‌లో చదివినవారిలో అత్యధికులు స్వదేశాలకే తిరిగి వెళ్లారు. ఈ కృషిని ముందుండి నడిపిన జో విల్మ్‌షర్స్ట్ అంతర్జాతీయ పిల్లల నరాల వైద్యుల సంఘానికి అధ్యక్షురాలిగా కూడా పనిచేశారు. ఇందులో రహస్యమేమీ లేదు. తన ఊళ్లో కనిపించే జబ్బులను, తన ఊళ్లో దొరికే పరికరాలతోనే నయం చేయడం నేర్చుకున్నవాడికి తన ఊరు పరాయిది కాదు. లండన్‌లో క్షయ సోకిన మెదడు పొరల వాపును ఒక విద్యార్థి ఎన్నిసార్లు చూస్తాడు?

జాంబియా మరో అడుగు వేసింది. 2018లో లూసాకాలోని యూనివర్సిటీ టీచింగ్ హాస్పిటల్‌లో నరాల వైద్యంలో ఉన్నత శిక్షణను దేశంలోనే ప్రారంభించింది. అంతకు చాలా ముందే, 1990ల నుంచే, ఆ దేశ దక్షిణాన చికాన్‌కాటా అనే పల్లె ఆసుపత్రిలో గ్రెచెన్ బిర్బెక్ అనే అమెరికన్ వైద్యురాలు మూర్ఛ రోగులకు సేవ చేస్తూ వచ్చారు. ఆమె చేసిన పనిలో చికిత్స కొంత, విచారణ కొంత. మూర్ఛ ఉన్నవారు తమ ఇరుగుపొరుగుతో పోలిస్తే ఎంత తక్కువ తింటున్నారు, ఎలాంటి ఇళ్లలో ఉంటున్నారు, ఎంత చదువుకుంటున్నారు అని లెక్కలు తీశారు. ప్రతిచోటా మూర్ఛ రోగే వెనుక ఉన్నాడు. మన పత్రిక ఏళ్లుగా ఏ మాట చెబుతోందో ఆ లెక్కలూ అదే చెబుతాయి: వివక్ష అనేది అవమానంతో ఆగదు, అది కంచంలోకీ గోడల్లోకీ వస్తుంది.

నిపుణుడి పని ఏమిటన్న ప్రశ్నకు అన్నిటికంటే మంచి జవాబు యుగాండా తూర్పున ఎంబాలే పట్టణంలో దొరుకుతుంది. ఇస్లామిక్ యూనివర్సిటీ ఇన్ యుగాండా ఉన్న ఊరుగా మన పాఠకుల్లో కొందరికి ఆ పేరు తెలిసే ఉంటుంది. అక్కడి క్యూర్ పిల్లల ఆసుపత్రికి తలలో నీరు చేరి తల ఉబ్బిపోయిన పసిపిల్లలు వందల సంఖ్యలో వచ్చేవారు. వారిలో ఎక్కువమందికి కారణం పుట్టిన కొత్తలో సోకిన ఇన్‌ఫెక్షన్. దీనికి ప్రపంచమంతటా చేసే చికిత్స ఒకటే. మెదడు నుంచి కడుపులోకి సన్నటి గొట్టం అమర్చి నీటిని మళ్లించడం. ఆ గొట్టాన్ని షంట్ అంటారు. అది ఎప్పుడో ఒకప్పుడు మూసుకుపోతుంది. మూసుకుపోయిన రోజున బిడ్డను గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి. బాస్టన్‌లో అది సాధ్యం. రోడ్డు లేని పల్లెలో ఆ గొట్టం మృత్యువుకు వాయిదా మాత్రమే. బెంజమిన్ వార్ఫ్ అనే శస్త్రవైద్యుడు అక్కడి పరిస్థితి నుంచే ఆలోచించాడు. ఎండోస్కోప్‌తో మెదడులోనే నీటికి కొత్త దారి చేసి, నీటిని ఊరించే కణజాలాన్ని కొంత కాల్చివేసే పద్ధతిని రూపొందించాడు. చాలామంది పిల్లలకు ఇక గొట్టం అవసరం లేకుండాపోయింది. యుగాండా వైద్యులకు నేర్పాడు. వారు ఇతర దేశాల వైద్యులకు నేర్పారు. ఆ పద్ధతి తరువాత అమెరికా ఆసుపత్రులకూ వెళ్లింది. పేదవాడి అవసరం నుంచి పుట్టిన వైద్యం ధనికుడికీ పనికివచ్చింది. ఎప్పుడూ పైనుంచి కిందికే జ్ఞానం ప్రవహిస్తుందనుకునేవారు ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోవాలి.

అయితే నిపుణులను ఎంతమందిని తయారుచేసినా, ప్రతి బిడ్డనూ వారే చూడడం ఈ తరంలో జరిగే పని కాదు. పది లక్షల మందికి ఒకరున్నచోట పదిమంది అయినా వరుస తరగదు. కాబట్టి పేద దేశంలో నిపుణుడి పని బిడ్డను చూడడం ఒక్కటే కాదు. బిడ్డను ముందుగా చూసే నర్సు వెనుక, ఆరోగ్య కార్యకర్త వెనుక నిలబడడం, వారికి నేర్పడం, వారికి అంతుపట్టనిదాన్ని తాను అందుకోవడం కూడా అతని పనే. ఉత్తర నైజీరియాలో హౌసా ముస్లింలు అధికంగా ఉండే కానో, జారియా, కదునా నగరాల్లో ఈ ఆలోచననే పరీక్షకు పెట్టారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు పిల్లల మూర్ఛను గుర్తించడంలో, మందు ఇవ్వడంలో శిక్షణనిచ్చి, వారి చేతి వైద్యాన్ని డాక్టర్ల వైద్యంతో పోల్చి చూసే పెద్ద పరిశోధనను అక్కడే చేపట్టారు. నైజీరియా వైద్యులు, అమెరికా పరిశోధకులు అందులో భాగస్వాములు. తల్లి నడిచి వెళ్లగలిగిన దూరంలో, ఆమె భాషలో మాట్లాడే మనిషి చేతిలో చికిత్స ఉండాలన్నది ఆ పరిశోధన వెనుక ఉన్న ఊహ.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దానిని మేము తేలికగా తీసుకోము. 'ధనికుల బిడ్డకు నిపుణుడు, పేదవాడి బిడ్డకు ఆరోగ్య కార్యకర్త. ఇది సమానత్వమా?' అని హక్కుల ఉద్యమంలో ఉన్నవారు అడుగుతారు. అడగాలి కూడా. తక్కువ రకం వైద్యాన్ని 'అందుబాటు' అనే అందమైన పేరుతో పేదలకు కట్టబెట్టిన చరిత్ర ప్రభుత్వాలకు ఉంది. కానీ ఈ ప్రశ్నకు జవాబు ఆ కార్యకర్త ఒంటరిగా ఉన్నారా, లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఫోన్ చేస్తే పలికే నిపుణుడు వెనుక ఉండి, తగ్గని బిడ్డను పంపడానికి పై ఆసుపత్రిలో మంచం ఉండి, అలమారలో మందు ఉంటే అది రెండో రకం వైద్యం కాదు, ధనిక దేశాల్లో కూడా మంచి వైద్యం నడిచే తీరే అది. ఆ మూడూ లేకుండా కార్యకర్త చేతికి ఒక పుస్తకమిచ్చి వదిలేస్తే అది మోసం. ఆ తేడాను గట్టిగా పట్టుకోవడమే మన పని.

అలమారలో మందు అన్నాం. అసలు సిగ్గుపడవలసిన విషయం అక్కడే ఉంది. ఫెనోబార్బిటాల్ అనే మందును మూర్ఛకు వాడడం 1912లో మొదలైంది. గార్డినాల్ అనే పేరుతో మన పాత తరాలకూ పరిచితమే. కొన్ని దుష్ప్రభావాలున్నా, పనిచేసే మందు. దీనితో ఏడాది చికిత్సకు అయిదు డాలర్ల కంటే తక్కువ ఖర్చుతో సరిపెట్టవచ్చని ఆరోగ్య సంస్థే లెక్కగట్టింది. సరైన చికిత్స అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం దాకా మూర్ఛలు లేకుండా బతకగలరని కూడా చెప్పింది. అయినా అల్పాదాయ దేశాల్లో నాలుగింట మూడొంతుల మందికి ఆ చికిత్స అందడం లేదు. జాంబియాలో పరిశోధకులు 111 మందుల దుకాణాలు తిరిగి చూశారు. దాదాపు సగం దుకాణాల్లో ఏ మూర్ఛ మందూ లేదు. పసిపిల్లలకు పట్టించే సిరప్ ఒక్కచోట కూడా దొరకలేదు. నూరేళ్ల నాటి మందు, ప్యాకెట్ ఉప్పుతో పోల్చదగ్గ ధర. అయినా లేదు!

ఎందుకు లేదు? లాభం లేని మందును తయారుచేయడానికి కంపెనీలకు ఆసక్తి లేకపోవడం ఒక కారణం. మరొకటి చట్టం. మత్తు కలిగించే మందుల దుర్వినియోగాన్ని అరికట్టడానికి 1971లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక జాబితాలో ఫెనోబార్బిటాల్ కూడా ఉంది. దిగుమతికి అనుమతులు, నిల్వకు రిజిస్టర్లు, తనిఖీలు. ఈ తలనొప్పి ఎందుకని చిన్న దుకాణదారుడు దానిని పెట్టడమే మానేస్తాడు. మత్తుకు బానిసైనవాడిని అడ్డుకోవడానికి వేసిన కంచె బిడ్డకు మందు తెచ్చుకునే తల్లిని అడ్డుకుంటోంది. కంచె వద్దని ఎవరూ అనరు, అందులో తల్లికి ఒక ద్వారం ఉంచమంటున్నాం.

యంత్రాల సంగతి క్లుప్తంగా. మెదడు విద్యుత్ తరంగాలను నమోదుచేసే ఈఈజీని మొబైల్ ఫోన్‌తో తీసే పరికరాన్ని భూటాన్‌లో పరీక్షించారు. లోపం ఉందని అది చెప్పినప్పుడు చాలావరకు నిజమే అయింది. కానీ లోపం ఉన్నవారిలో సగానికి పైగా దాని కన్ను తప్పించుకున్నారు. అలాగని యంత్రాలు వద్దనీ అనలేం. బ్లాంటైర్‌కు 2008లో ఎంఆర్ఐ యంత్రం వచ్చాక, మలేరియా సోకిన పిల్లలు చనిపోవడానికి ప్రధాన కారణం మెదడు వాచిపోవడమేనని టెర్రీ టేలర్ బృందం 2015 నాటికి నిరూపించింది. ఆ బృందం అప్పటికే ఏళ్ల తరబడి ఆ వార్డుల్లో పిల్లల పక్కన ఉండి, ఏ ప్రశ్న అడగాలో తెలుసుకొని ఉంది. యంత్రం ఆ ప్రశ్నకు జవాబిచ్చింది. ప్రశ్న అడిగేవారు లేనిచోట దాత పంపిన యంత్రం మీద దుమ్ము పడుతుంది.

మందు దగ్గరలోనే ఉన్నా చేరనివ్వని అడ్డంకి మరొకటి ఉంది. దాని గురించి మాట్లాడే బాధ్యత మన వంటి పత్రికల మీదే ఎక్కువ. మూర్ఛ వచ్చిన బిడ్డను మాలీలో, నైజర్‌లో, కెన్యా తీరంలో ముందుగా తీసుకువెళ్లేది మంత్రగాడి దగ్గరకో, తావీజు రాసే ఆమిల్ దగ్గరకో. మన ఊళ్లలో వేరుగా ఉందా? 'సాయా పడింది', 'అసర్ అయింది', పక్కింటివారి మాటలో 'గాలి సోకింది'. దువా చేయడాన్ని ఎవరూ కాదనరు. దువా చేస్తూ మందు వేయడానికి అడ్డేమిటి? వెయ్యేళ్ల క్రితమే ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' వైద్య గ్రంథంలో మూర్ఛను మెదడుకు సంబంధించిన వ్యాధిగా చర్చించాడు. ఆ వారసత్వం గురించి సభల్లో గొప్పగా చెప్పుకునే మనం, మూర్ఛతో పడిపోయిన బిడ్డ చేతిలో తాళాల గుత్తి పెట్టడం ఇంకా మానలేదు.

మనకు దగ్గరి సంగతి మరొకటి. పంది మాంసం ద్వారా వచ్చే నులిపురుగు మెదడులోకి చేరి మూర్ఛ తెస్తుందని తెలిసిన ముస్లిం కుటుంబాలు 'అది మన ఇళ్లలో రాదు' అని నిశ్చింతగా ఉంటాయి. అది అపోహ. మెదడులోకి చేరేది మాంసంలోని పురుగు కాదు. ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి మలం ద్వారా బయటపడి నీటికీ, పచ్చి కూరగాయలకూ అంటుకున్న గుడ్లు. మాంసమే ముట్టని ఇళ్ల పిల్లలకూ అది వస్తోంది. భారతదేశంలో పిల్లల మూర్ఛకు ప్రధాన కారణాల్లో అది ఒకటి. చికిత్స ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఒక స్కానింగ్, దాన్ని చదివే ఒక వైద్యుడు కావాలి. హలాల్ పాటించడం ఒక్కటే ఇక్కడ రక్షణ కాదు, శుభ్రమైన నీరూ మరుగుదొడ్డీ కూడా కావాలి. మురికివాడలకు మురుగు కాలువ అడగడం కూడా పిల్లల నరాల వైద్యంలో భాగమే.

మన దేశం అల్పాదాయ దేశాల జాబితాలో లేదు. నగరాల్లో నిపుణులున్నారు. కానీ జిల్లా కేంద్రం దాటి వెళితే ఆఫ్రికా కథే కనిపిస్తుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలందరినీ పరీక్షించి, ఎదుగుదల లోపాలున్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని, దీర్ఘకాలిక నాడీ వ్యాధులను తన 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. కాగితం మీద హక్కు ఉంది. అంగన్‌వాడీకి వచ్చిన బృందం మీ బిడ్డను పరీక్షించిందా, జిల్లా కేంద్రంలో ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు పోస్టులు నిండాయా, మూర్ఛ మందులు పీహెచ్‌సీలో ఈ నెల ఉన్నాయా అని అడిగేవారు కావాలి. స్కాలర్‌షిప్పుల కోసం, షాదీఖానాల కోసం వినతిపత్రాలు తీసుకువెళ్లే మన సంఘాల జాబితాలో ఈ మూడు ప్రశ్నలు ఇంతవరకూ లేవు. సమాచార హక్కు దరఖాస్తుకు అయ్యే ఖర్చు పది రూపాయలు.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. మూర్ఛను దాచిపెట్టి పెళ్లి చేయడం, పెళ్లి తరువాత ఎవరికీ తెలియకూడదని మాత్రలు మాన్పించడం మన ఇళ్లలో మామూలైపోయింది. హిందూ వివాహ చట్టంలోనూ, ప్రత్యేక వివాహ చట్టంలోనూ మూర్ఛను వివాహానికి అడ్డంకిగా రాసిన మాటను పార్లమెంటు 1999లోనే తొలగించింది. చట్టం మరచిపోయినదాన్ని మన పెళ్లిపెద్దలు ఇంకా మరచిపోలేదు.

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ మూర్ఛతో సహా నాడీ వ్యాధులపై 2031 దాకా అమలు కావలసిన కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. మూర్ఛ రోగులకు సేవలు 2021 నాటికంటే సగం మేర పెరగాలనీ, 80 శాతం దేశాలు వారి హక్కులను కాపాడే చట్టాలు చేయాలనీ, ఉన్నవాటిని సవరించుకోవాలనీ అందులో ఉంది. సభ్య దేశాలు చేతులెత్తి ఒప్పుకున్న మాట ఇది. మరోవైపు సూడాన్‌ను చూడండి. 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంలో ఖార్తూమ్ ఆసుపత్రులు అత్యధికం మూతపడ్డాయి. దశాబ్దాలు శ్రమించి తయారుచేసుకున్న నిపుణులు దేశం విడిచారు. రోజూ వేయవలసిన మాత్ర కాల్పుల విరమణ కోసం ఆగదు.

గల్ఫ్‌లో, బ్రిటన్‌లో, అమెరికాలో స్థిరపడిన తెలుగు ముస్లిం వైద్యులు ఏటా ఆఫ్రికా శిబిరాలకు వెళ్తున్నారు. వారి సేవను గౌరవిస్తూనే ఒక కోరిక కోరుతున్నాం. వెళ్లేది అదే ఊరికి, మళ్లీ మళ్లీ వెళ్లండి. పది రోజులు రోగులను చూసే బదులు అయిదు రోజులు అక్కడి నర్సులకు నేర్పండి. మిగతా ఏడాదంతా వాళ్ల ఫోన్ ఎత్తండి. సదఖా నిధులు పంపే సంస్థలు ఒక భవనానికి తమ పేరు పెట్టించుకోవడానికి బదులు, ఒక నైజర్ వైద్యుడి రెండేళ్ల శిక్షణ ఖర్చు భరించవచ్చు. లేదా ఒక ఆరోగ్య కేంద్రానికి అయిదేళ్ల మూర్ఛ మందుల బాధ్యత తీసుకోవచ్చు. ప్రారంభోత్సవానికి రిబ్బను ఉండదు, అంతే.

ఇక ఈ సంచిక చేతికి అందిన ఇంట్లో ఏడాది లోపు బిడ్డ ఉంటే, నిద్ర లేచినప్పుడల్లా వరుసగా తల వాలుస్తూ 'సలాం' చేస్తుంటే, ఫోన్ తీసి ఒక్క నిమిషం వీడియో తీయండి. అఖీఖా అయ్యాక చూద్దాం, పండుగ వెళ్లాక చూద్దాం అనకండి. ఆ వారంలోనే పిల్లల డాక్టరుకు ఆ వీడియో చూపించి, ఇది మూర్ఛ అవునో కాదో చెప్పమని అడగండి. ఏమీ కాదులెమ్మని పంపేస్తే, మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లి అదే వీడియో మళ్లీ చూపించండి.